పాటను కాగితం మీద నిలిపిన చేయి: మార్గరెట్ కజిన్స్



ఆగస్టు 15 మన విచారణల్లో జంట పండుగ. ఉదయం దేవమాత మోక్షారోపణ పండుగ పూజ. పూజ ముగియగానే పిల్లలు గుడి ముందర వరుసలు కడతారు. విచారణ గురువులు జెండా ఎగురవేస్తారు. ముసలివాళ్ళు కూడా చేతికర్ర పక్కనపెట్టి నిటారుగా నిలబడతారు. జనగణమన పాడతాం. 52 సెకన్లలో పాట అయిపోతుంది. పిల్లల చేతుల్లో మిఠాయి పడుతుంది. అందరం ఇళ్ళకు వెళతాం.

ఆ పాట రవీంద్రనాథ్ ఠాగూర్ వ్రాశారని మన బడిపిల్లలందరికీ తెలుసు. ఆ పాటకు మన చిత్తూరు సీమతో ఒక బంధుత్వం ఉందని కూడా మదనపల్లె వాళ్ళు గర్వంగా చెబుతారు. అయితే ఆ బంధుత్వాన్ని కలిపిన మనిషి ఎవరు అని అడిగితే జవాబు చెప్పేవాళ్ళు తక్కువ. ఆమె ఇక్కడ పుట్టలేదు. ఎక్కడో అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఐర్లండు దేశంలో పుట్టి, ముప్పై ఆరేళ్ళ వయసులో భారతదేశం వచ్చి, తిరిగి వెళ్ళకుండా ఇక్కడే కన్నుమూశారు. పేరు మార్గరెట్ కజిన్స్. ఈ వారం ఆమె కథ చెప్పుకుందాం.

ఐర్లండు మనకు కొత్త దేశం కాదు. 1842లోనే అక్కడినుండి ప్రెజెంటేషన్ సభ కన్యాస్త్రీలు ఓడెక్కి మద్రాసు వచ్చి ఆడపిల్లలకు బడులు పెట్టారు. ఆ బడుల్లో చదువుకున్న అమ్మమ్మలు, నాయనమ్మలు మన కుటుంబాల్లో కూడా ఉంటారు. మార్గరెట్ ఆ దారిన వచ్చిన మనిషి కాదు. ఆమె వచ్చిన దారి వేరు, విశ్వాసం వేరు. కానీ ఆమె చేసిన పని మన ఇంటి ఆడపిల్లల దాకా వచ్చింది. అందుకే ఆమె సంగతి మనం తెలుసుకోవాలి.

బాయిల్ పట్టణపు అమ్మాయి

ఐర్లండులో రాస్‌కామన్ అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అందులో బాయిల్ ఒక చిన్న పట్టణం. పన్నెండవ శతాబ్దపు సిస్టర్షియన్ మఠం శిథిలాలు ఈనాటికీ అక్కడ నిలిచి ఉన్నాయి. చుట్టూ ఉన్న జనంలో ఎక్కువమంది కతోలికులు. ఆ ఊళ్ళో 1878 నవంబరు 7న ఒక మెథడిస్టు కుటుంబంలో మార్గరెట్ గిలెస్పీ పుట్టింది. తండ్రి కోర్టులో గుమాస్తా. ఇంటినిండా పిల్లలు. అందరికన్నా పెద్దది మార్గరెట్. పెద్ద కుటుంబంలో పెద్దకూతురు అంటే ఎలా పెరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు. తమ్ముళ్ళను, చెల్లెళ్ళను చూసుకుంటూ, తన వంతు చివరకు రావడం అలవాటు చేసుకుంటూ పెరిగింది.

చదువులో, సంగీతంలో చురుకైన పిల్ల. డెర్రీ పట్టణంలో చదివి, ఆ తర్వాత రాజధాని డబ్లిన్‌లోని సంగీత విద్యాలయంలో చేరింది. 1902లో ఐర్లండు రాయల్ విశ్వవిద్యాలయం నుండి సంగీతంలో పట్టా పొందింది. పియానో ఆమె ప్రాణం. విన్న పాటను విన్నట్టు స్వరాలలో వ్రాయగల నేర్పు అక్కడే అబ్బింది. ఈ నేర్పును కాస్త గుర్తుపెట్టుకోండి. కథలో మళ్ళీ దానితో పని ఉంది.

1903లో జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్ళాడారు. ఆయన బెల్‌ఫాస్ట్ వాడు. నాటకాలు వ్రాసేవాడు, సాహిత్యకారులతో స్నేహం గలవాడు. ఆ తర్వాత లోకప్రసిద్ధుడైన నవలా రచయిత జేమ్స్ జాయిస్ 1904 జూన్‌లో కొన్నాళ్ళు వాళ్ళింట అతిథిగా ఉన్నాడు. ఇద్దరూ శాకాహారులు. దివ్యజ్ఞాన సమాజం బోధలవైపు ఇద్దరి మనసూ మళ్ళింది. మన విశ్వాసం దారి అది కాదు. కానీ ఆ దారే వాళ్ళను మన దేశానికి నడిపించిందన్నది చరిత్ర.

రాళ్ళు విసిరిన సంగీత పండితురాలు

ఆ రోజుల్లో బ్రిటన్‌లో గానీ, దాని ఏలుబడిలో ఉన్న ఐర్లండులో గానీ, పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలకు ఓటు లేదు. పట్టా పుచ్చుకున్న స్త్రీకి లేదు, పన్ను కట్టే స్త్రీకి లేదు. ఆమె ఇంట్లో పనిచేసే మగవాడికి మాత్రం ఉండవచ్చు. 1908లో మార్గరెట్, ఆమె స్నేహితురాలు హన్నా షీహీ స్కెఫింగ్టన్ మరికొందరితో కలిసి ఐరిష్ స్త్రీల ఓటుహక్కు సంఘాన్ని స్థాపించారు. మార్గరెట్ దాని తొలి కోశాధికారి. సంఘాల్లో కోశాధికారి పని ఎలాంటిదో మన విచారణ సంఘాల్లో ఉన్నవారికి తెలుసు. లెక్క తప్పితే మాట పడాలి, లెక్క సరిపోతే ఎవరికీ గుర్తుండదు.

1910లో లండన్‌లో స్త్రీలు ఒక తీర్మానాన్ని ప్రధానమంత్రికి అందజేద్దామని పార్లమెంటువైపు ఊరేగింపుగా బయలుదేరారు. డబ్లిన్ నుండి వెళ్ళిన ఆరుగురిలో మార్గరెట్ ఒకరు. పోలీసులు అడ్డుకున్నారు. ఎందరో స్త్రీలు దెబ్బలు తిన్నారు, వందకు పైగా అరెస్టయ్యారు. మిగిలిన స్త్రీలు మంత్రుల ఇళ్ళ కిటికీ అద్దాలు పగలగొట్టారు. మార్గరెట్‌కు నెలరోజుల శిక్ష పడింది. లండన్‌లోని హాలోవే జైలు ఆమె చూసిన మొదటి జైలు.

1913లో డబ్లిన్‌లో మళ్ళీ అదే జరిగింది. ఐర్లండుకు స్వపరిపాలన ఇచ్చే బిల్లు పార్లమెంటులో చర్చకు వచ్చింది. అందులో స్త్రీల ఊసు లేదు. ఈసారి ప్రభుత్వ కార్యాలయమైన డబ్లిన్ కోట కిటికీలు పగిలాయి. మళ్ళీ నెల శిక్ష. టల్లమోర్ అనే ఊళ్ళో జైలు. తమను దొంగలతో సమానంగా కాక రాజకీయ ఖైదీలుగా చూడాలని ఆ స్త్రీలు అన్నం మానేశారు.

ఆస్తి ధ్వంసం చేయడం సరైన పనేనా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఆనాడు ఐర్లండులో కూడా చాలామంది అడిగారు. ఆమె తప్పించుకుని పారిపోలేదు, క్షమాపణ చెప్పి బయటపడలేదు. చేసిన పనికి శిక్ష అనుభవించారు. అంతవరకు మనం ఒప్పుకోవాలి. ఇంకొక సంగతి కూడా గమనించండి. మన దేశం వచ్చాక ఆమె రాయి పట్టలేదు. ఇక్కడ ఆమె ఆయుధం ఉత్తరం.

సముద్రం దాటి

1912 వేసవిలో మార్గరెట్ దంపతులు ఫ్రాన్సు దేశపు తీరాన కొన్నాళ్ళు గడిపారు. ఐరిష్ మహాకవి యేట్స్ కూడా అక్కడే ఉన్నారు. ఆయన చేతిలో ఒక వ్రాతప్రతి ఉంది. బెంగాలీ కవి ఒకరు తన పాటలను తానే ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చిన ప్రతి అది. యేట్స్ వాటిని చదివి వినిపించారు. ఆ కవి రవీంద్రనాథ్ ఠాగూర్. అప్పటికి యూరప్‌లో ఆయన పేరు తెలిసినవారు బహు తక్కువ. మరుసటి ఏడే ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఏడేళ్ళ తర్వాత ఆ కవే తాను ఉండే ఊరికి వచ్చి, తన ఎదుట కూర్చుని పాడతాడని ఆనాడు మార్గరెట్ కలలోనైనా అనుకుని ఉండరు.

1915లో అనీ బిసెంట్ పిలుపుమీద జేమ్స్‌కు మద్రాసులో న్యూ ఇండియా పత్రికలో పని దొరికింది. భార్యాభర్తలు భారతదేశం వచ్చారు. ఏడాది తిరగకముందే ఆ పని పోయింది. కారణం వినండి. 1916లో ఈస్టరు పండుగ వారంలో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలనపై తిరుగుబాటు జరిగింది. నాయకులను కాల్చి చంపారు. ఆ తిరుగుబాటుదారులను మెచ్చుకుంటూ జేమ్స్ పత్రికలో వ్రాశారు. ప్రభుత్వానికి కోపం వచ్చింది. పత్రికలో ఆయనను ఉంచడం కష్టమైంది. అప్పుడు బిసెంట్ ఆయనను మదనపల్లె కళాశాలకు పంపారు.

అప్పటి మదనపల్లెను ఒకసారి ఊహించుకోండి. చిత్తూరు జిల్లా ఏర్పడి అయిదేళ్ళు. కొండల నడుమ చల్లని ఊరు. చింతచెట్లు, గుట్టలు, ఎడ్లబండ్లు. 1915లో మొదలైన కళాశాలలో రాయలసీమ పల్లెల నుండి వచ్చిన యువకులు. వాళ్ళకు జేమ్స్ సాహిత్యం చెప్పేవారు, మార్గరెట్ ఇంగ్లీషు చెప్పేవారు. బుధవారం రాత్రి భోజనాల తర్వాత విద్యార్థులు, ఉపాధ్యాయులు ఒకచోట చేరి పాటలు పాడుకునే అలవాటు ఉండేది. ఆ కూటంలో మార్గరెట్ సంగీతానికి పని దొరికింది.

ఇక్కడ ఆమెను కలవరపెట్టిన విషయం ఒకటుంది. తరగతిలో మగపిల్లలు. ఆడపిల్లలు ఏరి? ఇంట్లో పొయ్యి దగ్గర. పదేళ్ళకు, పన్నెండేళ్ళకు పెళ్ళి అయిపోయి అత్తవారింట్లో. చదువు ముట్టిన ఆడవాళ్ళు నూటికి ఒకరో ఇద్దరో. తన దేశంలో ఓటు కోసం జైలుకు పోయిన ఆమెకు, ఇక్కడ అంతకన్నా ముందు అక్షరం కావాలని అర్థమైంది.

ఒక ఉత్తరంతో మొదలైన పని

1917 మే నెలలో అడయారులో భారత స్త్రీల సంఘం పుట్టింది. అనీ బిసెంట్ అధ్యక్షురాలు. మార్గరెట్, డొరతీ జినరాజదాస కార్యభారం ఎత్తుకున్నారు. సంఘం నడిపిన స్త్రీధర్మ అనే పత్రికలో ఇంగ్లీషుతోపాటు దేశభాషల వ్యాసాలు కూడా వచ్చేవి.

ఆ ఏడాది చివర బ్రిటిష్ మంత్రి మాంటేగు భారతదేశానికి వచ్చాడు. పాలనలో ఏ మార్పులు కావాలో జనం నోటినుండి వింటానన్నాడు. ఆడపిల్లల చదువుపై విన్నపం ఇవ్వడానికి స్త్రీలకు కూడా సమయం ఇమ్మని మార్గరెట్ ఉత్తరం వ్రాశారు. రాజకీయ విషయాలపై వచ్చే బృందాలనే మంత్రి కలుస్తారని జవాబు వచ్చింది. మరొకరైతే అక్కడితో ఊరుకునేవారు. ఆమె ఊరుకోలేదు. చదువు, ఆరోగ్యంతోపాటు ఓటుహక్కును కూడా విన్నపంలో చేర్చారు. ప్రజలు అనే మాటలో స్త్రీలు కూడా ఉన్నారని, మగవారికి ఏ హక్కు ఇస్తే అదే స్త్రీలకూ ఇవ్వాలని అందులో కోరారు.

1917 డిసెంబరు 18న మద్రాసులో ఆ బృందం మంత్రిని కలిసింది. ముందు నిలబడి మాట్లాడింది హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు. విన్నపం సిద్ధం చేసిన మార్గరెట్ బృందంలో ఒకరుగా నిలబడ్డారు.

వెంటనే ఫలితం రాలేదు. భారత స్త్రీలకు ఓటు ఇవ్వడానికి ఇంకా కాలం రాలేదని ప్రభుత్వ సంఘం తేల్చింది. కానీ 1919 చట్టంలో ఒక చిన్న తలుపు తెరిచి ఉంచారు. ఏ రాష్ట్ర శాసనమండలికి ఇష్టమైతే అది స్త్రీలకు ఓటు ఇవ్వవచ్చునన్నారు. 1921లో మద్రాసు శాసనమండలి ఆ తలుపు తోసింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మన చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు అన్నీ ఉన్నాయి. ఆస్తి ఉన్న కొద్దిమంది స్త్రీలకే ఆ ఓటు దక్కిన మాట నిజం. కానీ దారి పడింది.

మదనపల్లెలో ఆ ఫిబ్రవరి

ఇప్పుడు పాట దగ్గరికి వద్దాం. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ దక్షిణదేశంలో పర్యటిస్తున్నారు. ఊరూరా ఉపన్యాసాలతో అలసిపోయి, కాస్త విశ్రాంతి కోసం మదనపల్లె వచ్చి కజిన్స్ దంపతుల ఆతిథ్యంలో ఉన్నారు. బుధవారం వచ్చింది. రాత్రి పాటల కూటం జరుగుతోంది. కవి కూడా వచ్చి కూర్చున్నారు. ఉన్నట్టుండి తానొక పాట పాడతానన్నారు. అది జనగణమన.

ఆ పాట అప్పటికి కొత్తది కాదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాడారు. మరుసటి నెలలో పత్రికలో అచ్చయింది. అయితే బెంగాలు దాటి ఇటువైపు దానిని విన్నవారు అరుదు. కవి మొదటి చరణం పాడగానే, పల్లవిలాగ తిరిగి తిరిగి వచ్చే జయజయకారాన్ని మదనపల్లె కుర్రవాళ్ళు అందుకున్నారు. వాళ్ళలో ఎందరికి బెంగాలీ తెలుసు? తెలియకపోయినా గొంతు కలిపారు. దేశంలోని సీమల పేర్లు, నదుల పేర్లు, కొండల పేర్లు వరుసగా వస్తుంటే ఏ భాషవాడికైనా అర్థమవుతుంది కదా.

ఆ తర్వాతి దినాల్లో రెండు పనులు జరిగాయి. ఠాగూర్ ఆ పాటను తానే ఇంగ్లీషులోకి మార్చి, భారతదేశపు ఉదయగీతం అని పేరుపెట్టి, 1919 ఫిబ్రవరి 28వ తేదీ వేసి వ్రాసి ఇచ్చారు. రెండవ పని మార్గరెట్ చేశారు. కవి సమ్మతితో ఆ పాటకు స్వరలిపి వ్రాశారు. కళాశాల దానిని తన ప్రార్థనాగీతంగా చేసుకుంది. చదువు ముగించిన విద్యార్థులు ఎక్కడికి పోతే అక్కడికి ఆ పాట కూడా పోయింది.

జనగణమన బాణీ మార్గరెట్ కట్టారని కొందరు చెబుతుంటారు. అభిమానం కొద్దీ చెప్పే మాటే గాని, మనం ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఏడేళ్ళ కిందటే సభలో పాడిన పాటకు బాణీ లేకుండా ఎలా ఉంటుంది? పాట రవీంద్రులది, బాణీ రవీంద్రులది. మార్గరెట్ చేసింది దానిని జారిపోకుండా కాగితం మీద నిలపడం. అది చిన్నపని అనుకోకండి. మీ గుడి గానబృందంలో చూడండి. ముందు నిలబడి పాడే గొంతును అందరూ మెచ్చుకుంటారు. కానీ పాత నోటుపుస్తకంలో ఒక్కొక్క పాటను వ్రాసిపెట్టి, స్వరం గుర్తుపెట్టి, కొత్తగా వచ్చిన పిల్లలకు నేర్పే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి లేకపోతే వచ్చే క్రిస్మసుకు పాట ఉండదు.

వెనక నిలబడి

మీరు మార్గరెట్ జీవితాన్ని ఎక్కడ తెరిచి చూసినా ఇదే కనిపిస్తుంది. ఇతరుల గొంతు వినబడేట్టు చేయడం, తాను వెనక నిలబడడం.

1919లో మంగుళూరులో జాతీయ బాలికల పాఠశాలకు తొలి ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్ళి, దానిని నిలబెట్టి వచ్చారు. 1920ల మొదట్లో మద్రాసులో ఆమెను గౌరవ మేజిస్ట్రేటుగా నియమించారు. భారతదేశంలో ఆ పదవి పొందిన తొలి మహిళ ఆమె. ఒకప్పుడు ముద్దాయిగా బోనులో నిలబడిన మనిషి ఇప్పుడు తీర్పుచెప్పే కుర్చీలో కూర్చున్నారు.

1926లో స్త్రీలు శాసనమండలికి పోటీచేయవచ్చునన్న అనుమతి వచ్చింది. పోటీకి ఎవరూ ముందుకు రాలేదు. మంగుళూరుకు చెందిన కమలాదేవి చట్టోపాధ్యాయ అనే యువతిని మార్గరెట్ ఒప్పించి నిలబెట్టారు. ఆమెకోసం తిరిగి ప్రచారం చేశారు. కొద్ది ఓట్ల తేడాతో కమలాదేవి ఓడిపోయారు. ఆ ఓడిన యువతే తర్వాత స్వాతంత్ర్య పోరాటంలో, దేశపు చేతివృత్తుల పునరుద్ధరణలో ఎంత పేరు పొందారో మీకు తెలుసు. భారత స్త్రీల సంఘం కృషితోనే డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలికి నామినేట్ అయ్యారు.

అదే 1926లో మార్గరెట్ ఇంకొక ఉత్తరం వ్రాశారు. బెంగాల్ విద్యాశాఖ అధికారి ఒకరు, ఆడపిల్లలకు ఎలాంటి చదువు కావాలో స్త్రీలే కూడబలుక్కుని చెప్పాలని ఒక సభలో అన్నారు. ఆ మాటను పట్టుకుని, ఎక్కడికక్కడ స్త్రీలు సభలు జరుపుకొని, ఆ తర్వాత అందరూ ఒకచోట కలవాలని ఆమె దేశమంతటికీ పిలుపు పంపారు. 1927 జనవరిలో పూనాలో అఖిలభారత మహిళా సభ తొలి సమావేశం జరిగింది. అధ్యక్షపీఠం మీద కూర్చున్నది బరోడా మహారాణి చిమ్నాబాయి. ఉత్తరాలు వ్రాసి అందరినీ రప్పించిన మార్గరెట్ కాగితాల కట్టతో కార్యకర్తల మధ్య ఉన్నారు.

ఆ సభ వట్టి మాటలతో ఆగలేదు. చిన్నపిల్లకు పెళ్ళిచేస్తే ఇక చదువెక్కడిది అని ప్రశ్నించింది. బాల్యవివాహాలను ఆపాలని ఊరూరా సంతకాలు సేకరించింది. 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14 ఏళ్ళు, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళిచేయడం నేరమైంది. ఏ మతంవారికైనా ఒకే చట్టం. 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాల తెరవడం కూడా ఆ సభ ప్రయత్నమే.

వేలూరు జైలు

1930 ఉప్పు సత్యాగ్రహం నాటికి భారత స్త్రీలు వేలల్లో వీధుల్లోకి వచ్చారు. మార్గరెట్‌కు కూడా వాళ్ళతో నడవాలని ఉంది. కానీ అప్పటికి ఆమెకు ఒక సంగతి బోధపడింది. నాయకత్వం ఇప్పుడు ఈ దేశపు స్త్రీల చేతుల్లోకి వచ్చింది. తెల్లమనిషి ముందు నడవవలసిన అవసరం ఇక లేదు, వాళ్ళకు ఆ కోరికా లేదు. ఈ మాటను ఆమె తన జీవితకథలో దాచుకోకుండా ఒప్పుకున్నారు. చేతులతో పెంచిన పనిలో మన అవసరం తీరిపోయిందని తెలుసుకోవడం ఎంత కష్టమో, పిల్లలను పెంచి పెద్దచేసిన తల్లిదండ్రులకు తెలుసు. చాలామంది అక్కడే అలుగుతారు. కొందరు కుర్చీని పట్టుకుని వేలాడతారు. ఆమె అలగలేదు, పట్టుకుని వేలాడలేదు. పక్కకు జరిగారు.

పక్కకు జరిగారు గాని, అన్యాయం ఎదురైతే నోరు మూసుకోలేదు. 1932లో ప్రభుత్వం అత్యవసర ఉత్తర్వులతో సభలను, మాటలను అణచివేసింది. ఆ ఉత్తర్వులకు వ్యతిరేకంగా మార్గరెట్ మద్రాసులో బహిరంగంగా మాట్లాడారు. ఇకపై అలా మాట్లాడనని హామీపత్రం ఇస్తే వదిలేస్తామన్నారు. ఆమె ఇవ్వలేదు. ఏడాది శిక్ష పడింది. మూడవ దేశంలో మూడవ జైలు. ఈసారి అది వేలూరు మహిళల కారాగారం. మన చిత్తూరు నుండి వేలూరు గంట ప్రయాణం. వైద్యానికని మన కుటుంబాలు ఎన్నిసార్లో వెళ్ళే ఊరే. 54 ఏళ్ళ వయసులో, పుట్టిన దేశం వేరైనా, ఈ దేశపు ఆడవాళ్ళతో కలిసి ఆ గోడల మధ్య ఉండి 1933లో విడుదలయ్యారు.

తాను పక్కకు జరిగిన తర్వాత, తాను పుట్టించిన అఖిలభారత మహిళా సభే ఆమెను పిలిచి అధ్యక్షపీఠం మీద కూర్చోబెట్టింది. సభ మొదలై అప్పటికి పదేళ్ళు. తానుగా కోరుకోని గౌరవం అది.

మంచం మీద పదేళ్ళు

1940ల నడుమ మార్గరెట్‌కు పక్షవాతం వచ్చింది. పియానో మీద పరుగెత్తిన చేతులు, దేశమంతటికీ ఉత్తరాలు వ్రాసిన చేతులు లొంగిపోయాయి. భర్త జేమ్స్ దగ్గరుండి చూసుకున్నారు. దంపతులిద్దరూ కలిసి తమ జీవితకథను ఒక పుస్తకంగా ఇచ్చారు. ఒక అధ్యాయం ఆయన చెబితే మరొకటి ఆమె చెప్పినట్టు సాగే ఆ పుస్తకం 1950లో వెలువడింది. కూడబెట్టిన ధనం ఏమీ లేదు. ఆమె సేవను గుర్తించి మద్రాసు ప్రభుత్వం, తర్వాత ప్రధానమంత్రి నెహ్రూ కొంత సహాయం అందజేశారు.

ఆ 1950వ సంవత్సరంలోనే, జనవరి 24న, రాజ్యాంగసభ జనగణమనను జాతీయగీతంగా స్వీకరించింది. రెండు రోజుల తర్వాత అమలులోకి వచ్చిన రాజ్యాంగం 21 ఏళ్ళు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి ఓటు ఇచ్చింది. ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు. 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. మన అవ్వలు ఎందరో వేలికి సిరా పూయించుకున్నారు. రెండు గుజ్జనగూళ్ళు వేరువేరుగా పొయ్యిమీద పెట్టి, రెండూ ఒకేసారి ఉడికినట్టు, ఆమె చేయి పెట్టిన రెండు పనులూ ఒకే ఏట పండాయి. ఆమె మాత్రం అప్పటికి లేచి నిలబడలేని స్థితిలో ఉన్నారు. దేశమంతా నిలబడి ఆ పాట పాడింది.

1954 మార్చి 11న మార్గరెట్ కజిన్స్ కన్నుమూశారు. రెండేళ్ళ తర్వాత, 1956 ఫిబ్రవరి 20న, జేమ్స్ మదనపల్లెలో మరణించారు.

చదువరులారా, ఆమె కథనుండి ఏమి తీసుకుపోదాం? విశ్వాసంలో ఆమె మనలో ఒకరు కారు. ఆమె చేసిన ప్రతి పనినీ మనం మెచ్చుకోనక్కరలేదు. కానీ ఒక విషయంలో ఆమె ముందు మనం తల వంచాలి. పరాయి ఇంటికి సేవచేయడానికి వెళ్ళినవారికి ఒక శోధన ఉంటుంది. సేవచేస్తూ చేస్తూ యజమాని కావాలనిపిస్తుంది. విచారణ సంఘాల్లో, మహిళా సంఘాల్లో, బడుల్లో, అంతెందుకు, మన ఇళ్ళల్లో కూడా ఇది చూస్తూనే ఉన్నాం. పదేళ్ళు కష్టపడినవాడు పదకొండవ ఏట కుర్చీ దిగనంటాడు. కొత్తవాళ్ళకు చేతకాదంటాడు. మార్గరెట్ ఆ శోధనను గెలిచారు. పాట తనది కాదని తెలిసి కూడా శ్రద్ధగా వ్రాసిపెట్టారు. పాడేవాళ్ళు వచ్చాక పక్కకు జరిగారు.

వచ్చే ఆగస్టు 15న పూజ ముగిశాక పాట అందుకునేటప్పుడు, మీ పక్కనున్న పిల్లలకు ఈ సంగతి చెప్పండి. మన సీమలోని ఒక ఊళ్ళో, ఒక బుధవారం రాత్రి, పల్లెటూరి కుర్రవాళ్ళు ఈ పాటకు గొంతు కలిపారని చెప్పండి. ఆ పాట మర్చిపోకుండా ఒక అమ్మ కూర్చుని స్వరం స్వరం వ్రాసిపెట్టిందని చెప్పండి. ఆ తర్వాత ఒకసారి మీ గుడిలో వెనక వరుస వైపు తిరిగి చూడండి. పాటల పుస్తకాలు సర్దుతూ, రిజిస్టరులో పేర్లు వ్రాస్తూ, ఎవరి కంటా పడకుండా పనిచేసేవారు అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. వారిని పేరుపెట్టి పలకరించండి.